పిల్లలతో, పెద్దవాళ్ళతో జర్మనీ పాత ఊళ్ళకు ఒక్కరోజు ప్రయాణం: తిరుగు రైలుతో మొదలుపెట్టండి

ఎర్లాంగెన్‌లో మా చుట్టుపక్కలకు కొత్తగా ఏ తెలుగు కుటుంబం వచ్చినా, సామాన్లు సర్దుకున్న నెలలోపే ఒక ప్రశ్న అడుగుతారు: "శనివారం పిల్లల్ని తీసుకుని ఏదైనా పాత ఊరు చూసొద్దామనుకుంటున్నాం, ఎలా వెళ్ళాలి?" ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే అదే ప్రశ్న ఇంకాస్త కంగారుగా వస్తుంది. ఇన్నేళ్ళుగా నోటితో చెబుతూ వచ్చిందంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఉదాహరణలన్నీ న్యూరెంబర్గ్ చుట్టుపక్కలవే. మ్యూనిక్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్నవారు ఊరి పేరు మార్చుకోండి, వరుస మాత్రం మార్చకండి.

## 1. ముందు తిరుగు రైలు చూడండి

చాలామంది మొదట ఊరు అనుకుంటారు, తర్వాత చూడాల్సిన చోట్ల లిస్టు రాస్తారు, ఆ తర్వాత పొద్దుటి రైలు వెతుకుతారు. తిరుగు రైలు సంగతి సాయంత్రం స్టేషన్‌కు వచ్చాకే చూస్తారు. చిన్న ఊళ్ళకు వెళ్ళే లైన్లలో రైలు దాదాపు గంటకు ఒకటే ఉంటుంది. రెండు నిమిషాలు ఆలస్యమైతే అలసిపోయిన పిల్లలతో చలిలో గంటసేపు నిలబడాలి. అందుకే లెక్క వెనక నుంచి వేయాలి.

రోటెన్‌బుర్గ్ ఉదాహరణ తీసుకుందాం. న్యూరెంబర్గ్ నుంచి ఆన్స్‌బాఖ్, అక్కడ మారి స్టైనాఖ్, మళ్ళీ మారి రోటెన్‌బుర్గ్. మా ఇంటి నుంచి తలుపు దగ్గరి నుంచి తలుపు దాకా లెక్కేస్తే రెండు గంటలు.

- పిల్లలు రాత్రి 8:30కి పడుకోవాలంటే ఇంటికి 7:30కల్లా చేరాలి.
- అంటే రోటెన్‌బుర్గ్‌లో 5, 5:30 మధ్య రైలెక్కాలి. 4:45కి ఊరి మధ్య నుంచి బయలుదేరాలి.
- ఆ రైలు తప్పితే ఇంకో రెండు రైళ్ళైనా ఉండాలి. లేకపోతే ఇంకా ముందు రైలు ఎంచుకోండి.
- ఉదయం 10:30కి చేరితే చేతిలో ఉన్నది ఆరు గంటలు. అందులో భోజనం, టాయిలెట్లు, బట్టలు మార్చడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం, వీటికే రెండు గంటలు పోతాయి.
- మిగిలిన నాలుగు గంటల్లో రెండు చోట్లు తీరిగ్గా చూడవచ్చు. మూడోది దారిలో తగిలితే సరి.

ఒక వైపు ప్రయాణం రెండు గంటలు దాటితే, ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంటివారు ఆ ఊరికి ఒక్కరోజులో వెళ్ళొద్దనే నా సలహా. ఒక రాత్రి ఉండేలా వెళ్ళండి.

చీకటిని కూడా ఈ లెక్కలో కలపండి. ఇక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. డిసెంబర్‌లో నాలుగుంపావుకే సూర్యుడు దిగిపోతాడు. చలికాలంలో బయట చూడాల్సినవన్నీ మధ్యాహ్నం మూడులోపే ముగించాలి.

## 2. ఇంట్లోవాళ్ళ కాళ్ళను బట్టి ఊరు ఎంచుకోండి

ఫొటోలో ఏ ఊరైనా బాగుంటుంది. మీతో వచ్చేవారిలో ఎక్కువ ఇబ్బంది ఎవరికో వాళ్ళకు తగ్గ ఊరు ఎంచుకోవాలి. స్ట్రోలర్‌లో పసిబిడ్డ ఉందా, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులా, ఏడేళ్ళ పిల్లాడు ఒక్కచోట నిలవడా అన్నది ముందు చూడండి.

రేగెన్స్‌బుర్గ్: న్యూరెంబర్గ్ నుంచి గంట పైన. స్టేషన్ నుంచి పాత ఊరి దాకా, డాన్యూబ్ మీది రాతి వంతెన దాకా దాదాపు సమతలం. పెద్దవాళ్ళతో మొదటి ప్రయాణానికి నేను ఎప్పుడూ చెప్పే ఊరు ఇదే.

బాంబెర్గ్: ప్రయాణం తక్కువ. నది మధ్య కట్టిన పాత టౌన్‌హాల్ దాకా నడక సులువే. పైనున్న కెథడ్రల్, గులాబీ తోట మాత్రం ఎత్తు మీద ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవారికి కిందే నది ఒడ్డున కూర్చునే చోటు చూపించి, మిగతావాళ్ళు పైకి వెళ్ళిరావచ్చు.

వ్యూర్ట్స్‌బుర్గ్: స్టేషన్ ముందే ట్రామ్. రెసిడెన్స్ ప్యాలెస్ వెనక తోటలోకి టికెట్ అక్కర్లేదు, పిల్లలు పరుగెత్తడానికి బోలెడు చోటు. మారియన్‌బెర్గ్ కోట మీదికి ఎక్కడం చిన్నపిల్లలతో కష్టం, కింద నది మీది పాత వంతెన నుంచి చూస్తే చాలు.

రోటెన్‌బుర్గ్: పిల్లలకు అన్నిటికంటే నచ్చేది, కోటగోడ మీద నడవవచ్చు కాబట్టి. కానీ వీధులన్నీ రాళ్ళు పరిచినవి. చిన్న చక్రాల మడత స్ట్రోలర్ ఆ రాళ్ళ మీద ప్రతి అడుగుకూ ఆగిపోతుంది. పెద్ద చక్రాలది తీసుకెళ్ళండి, లేదా బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్ వాడండి.

మ్యూనిక్‌లో ఉన్నవారు నాయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. లోపలికి వెళ్ళే టికెట్ మీద టైమ్ రాసి ఉంటుంది, ఆ టైమ్ దాటితే టికెట్ పోయినట్టే. కింద టికెట్ సెంటర్ నుంచి కోటకు అరగంట పైనే ఎత్తు నడక. పిల్లలుంటే గంటన్నర ముందే కింద ఉండండి.

## 3. ఏ రోజు వెళ్ళాలి

ఆదివారం సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి. పాలు, డైపర్లు, నీళ్ళు అక్కడ కొనుక్కుందాం అనుకుంటే దొరకవు. మందుల షాపులు కూడా వంతుల వారీగా ఒకటో రెండో తెరుస్తారు. సోమవారం చాలా మ్యూజియాలకు సెలవు. అందుకే శనివారం మంచిది. కాకపోతే పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి, ఆ ఒక్కటి చూసుకోండి.

రెండు రోజుల ముందు రైల్వే యాప్‌లో మీ లైన్ మీద పట్టాల పనులు ఉన్నాయేమో చూడండి. ఎస్‌ఈవీ అనే మూడు అక్షరాలు కనిపిస్తే రైలుకు బదులు బస్సు వేస్తారని అర్థం. అరగంట అదనంగా పడుతుంది, స్ట్రోలర్‌కు చోటు కష్టం. ఎస్‌ఈవీ ఉంటే ఊరు మార్చుకోండి, పంతం వద్దు.

## 4. టికెట్లు: ఎవరికి ఏది

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

డాయిచ్‌లాండ్ టికెట్: నెలవారీ చందా, 2026 జనవరి నుంచి 63 యూరోలు. దేశమంతా ప్రాంతీయ రైళ్ళు, ఎస్‌ బాన్ అనే నగర శివారు రైళ్ళు, మెట్రో, ట్రామ్, సిటీ బస్సుల్లో చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రయాణ రైళ్ళలో చెల్లదు. ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే వాడాలి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉండాలి.

బయర్న్ టికెట్: బవేరియాలో, అంటే న్యూరెంబర్గ్, మ్యూనిక్ ఉన్న రాష్ట్రంలో, ఒక్క రోజుకు, ఐదుగురి దాకా కలిసి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది, మర్నాడు తెల్లవారుజామున 3 దాకా ఉంటుంది. ఇది కూడా ఐసీఈ, ఐసీ, ఈసీ రైళ్ళలో చెల్లదు. ప్రయాణించే పెద్దవాళ్ళ పేర్లన్నీ టికెట్ మీద ఉండాలి. మిగతా రాష్ట్రాలకూ ఇలాంటివి ఉన్నాయి.

ఆరేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఆరు దాటిన పిల్లలు మీ డాయిచ్‌లాండ్ టికెట్ మీద ఉచితంగా రారు. చాలామంది ఇక్కడే పొరబడతారు. సరైన టికెట్ లేకుండా దొరికితే జరిమానా 60 యూరోలు.

మామూలుగా మన ఇళ్ళలో ఉండే పరిస్థితి ఇది: భార్యాభర్తలిద్దరికీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది, ఎనిమిదేళ్ళ పాప ఉంది, ఇండియా నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. అప్పుడు అత్తమామలిద్దరికీ కలిపి ఇద్దరి బయర్న్ టికెట్ ఒకటి కొనండి. మనవరాలు వాళ్ళ టికెట్ మీద ఉచితంగా వస్తుంది. ఐదుగురికీ కొనక్కర్లేదు.

వాళ్ళు నెల పైన ఉంటూ వారం వారం తిరిగేటట్టయితే వాళ్ళకూ డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోవచ్చు. కానీ అది చందా, దానంతట అది ఆగదు. ఆ నెలతో ఆపాలంటే 10వ తేదీలోపు రద్దు చేయాలి. మా అమ్మ వచ్చినప్పుడు ఆ తేదీ మరిచిపోయి, ఆవిడ విజయవాడ చేరాక కూడా ఒక నెల డబ్బు కట్టాను. టికెట్ కొన్న రోజే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

## 5. కాగితాలు

జర్మనీ లోపలే తిరుగుతున్నా మీ రెసిడెన్స్ కార్డు, ఇండియా నుంచి వచ్చినవారి పాస్‌పోర్ట్ వెంట ఉండాలి. ఫోన్‌లో ఫొటో ఉంటే సరిపోదు.

సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌కో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌కో వెళ్తే పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు రెండూ అందరివీ తీసుకెళ్ళండి, పసిబిడ్డవి కూడా. తిరిగి జర్మనీలోకి వచ్చేటప్పుడు పోలీసులు అడగవచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్, బయర్న్ టికెట్ రెండూ సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా చెల్లుతాయి, ఊళ్ళో బస్సుకు వేరే టికెట్ కావాలి.

"అమ్మావాళ్ళది సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా, ఆస్ట్రియా వెళ్తే వీసా అయిపోతుందా?" అని చాలామంది అడుగుతారు. అయిపోదు. షెంగెన్ దేశాల మధ్య తిరిగితే కొత్త ఎంట్రీ కింద లెక్కపడదు.

## 6. తిండి

తిండి సరిగ్గా ఉంటే మిగతా తప్పులన్నీ సర్దుకుంటాయని నా అనుభవం. హోటళ్ళలో చాలాచోట్ల మధ్యాహ్నం రెండు తర్వాత వంటగది మూసేస్తారు, మళ్ళీ సాయంత్రం ఐదుకో ఐదున్నరకో తెరుస్తారు. మనం తీరిగ్గా రెండున్నరకు వెళ్తే కేకు, కాఫీ తప్ప ఏమీ ఉండవు.

కాబట్టి అసలు భోజనం ఇంటి నుంచే తీసుకెళ్ళండి.

- ఎండాకాలంలో పులిహోర. తెల్లవారి కలిపినది మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది, పాడవదు.
- పెరుగన్నం ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా బాగుంటుంది. చలికాలంలో నోట్లో పెట్టుకోలేనంత చల్లబడుతుంది.
- చలికాలంలో వెడల్పు మూతి ఉన్న ఫ్లాస్క్‌లో పొంగలి లేదా ఉప్మా. ముందు పది నిమిషాలు మరిగే నీళ్ళు పోసి ఉంచి, పారబోసి, అప్పుడు వేడి వేడిగా నింపండి. మధ్యాహ్నం దాకా వేడి ఉంటుంది.
- చపాతీల్లో పొడి కూర చుట్టి ఒక్కొక్కరికి రెండేసి. రైల్లో తినడానికి ఇదే వీలు.
- వేడినీళ్ళ ఫ్లాస్క్ ఒకటి విడిగా: పిల్లల పాలకు, పెద్దవాళ్ళ మాత్రలకు.

ఎక్కడ కూర్చుని తినాలి? హోటల్ బల్ల మీద సొంత డబ్బా తెరవకూడదు. కానీ బవేరియాలో పాత పద్ధతి బీర్ గార్డెన్లలో, టేబుల్ క్లాత్ పరచని సెల్ఫ్ సర్వీస్ బల్లల దగ్గర, ఇంటి తిండి తినవచ్చు. తాగేది మాత్రం అక్కడే కొనాలి. ఆపిల్ రసంలో సోడా కలిపిన అప్ఫెల్‌షోర్లే పిల్లలకూ నచ్చుతుంది. కూర్చునే ముందు ఒకసారి అడగండి. చాలాచోట్ల పిల్లలకు ఆడుకునే చోటు కూడా ఉంటుంది. బీరు పేరు విని మా మామయ్యగారు మొదట లోపలికి రానన్నారు. చెట్ల కింద చిన్నపిల్లల కుటుంబాలను చూశాక ఆయనే ముందు నడిచారు.

బయట కొనేటప్పుడు శాకాహారులు చూసుకోవాల్సినవి: కేసెష్పెట్జ్‌లే అనే చీజ్ వంటకంలో గుడ్డు ఉంటుంది. కూరగాయల సూప్ మాంసం రసంతో చేసి ఉండవచ్చు. జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. రోటెన్‌బుర్గ్‌లో ప్రతి వీధిలో కనిపించే ష్నేబాలెన్ మన మడత కాజాలా పిండి పీలికలను ఉండ చుట్టి వేయించినది. అందులో గుడ్డు ఉంటుంది, పాత పద్ధతిలో కాస్త ప్లమ్ సారా కూడా కలుపుతారు. అడిగి కొనండి.

## 7. ముందు రాత్రి సంచి

ఒక వీపు సంచి, ఒక చిన్న సంచి చాలు.

- పాస్‌పోర్టులు, రెసిడెన్స్ కార్డులు, టికెట్లు. ఫోన్‌తో పాటు ప్రింట్ కూడా ఉంటే నిశ్చింత
- 20 యూరోల చిల్లర: టాయిలెట్లకు 50 సెంట్లు, ఒక యూరో నాణేలు, చిన్న దుకాణాల్లో కార్డు తీసుకోకపోవచ్చు
- ఒక్కొక్కరికి వానకోటు. గాలికి గొడుగు తిరగబడుతుంది
- పిల్లలకు ఒక జత బట్టలు, రెండు జతల సాక్సులు
- జ్వరం సిరప్, బ్యాండేజీలు, పెద్దవాళ్ళ మాత్రలు రెండు పూటలకు
- పవర్ బ్యాంక్, తడి టిష్యూలు, చెత్తకు కవరు
- నీళ్ళ సీసాలు. నింపుకునేటప్పుడు "కైన్ ట్రింక్‌వాసర్" అని రాసి ఉన్న కుళాయి నీళ్ళు తాగవద్దు

కొన్న సీసాలు, డబ్బాలు పారేయకండి. వాడి పారేసే వాటి మీద డిపాజిట్ గుర్తు ఉంటే ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కి వస్తాయి.

పిల్లల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. అమ్మానాన్నల జేబులో కూడా. వాళ్ళ ఇండియా సిమ్ ఇక్కడ పనిచేయకపోతే ఆ చీటీయే దిక్కు.

## 8. స్టేషన్లో, రైల్లో

1. రైలుకు 15 నిమిషాల ముందు ప్లాట్‌ఫామ్ మీద ఉండండి. ప్లాట్‌ఫామ్ చివరి నిమిషంలో మారవచ్చు, యాప్ చూస్తూ ఉండండి.
2. లిఫ్ట్ అవసరమైతే ముందు రోజే రైల్వే వెబ్‌సైట్‌లో ఆ స్టేషన్ పేజీ చూడండి. లిఫ్ట్ పనిచేస్తోందో లేదో కనిపిస్తుంది. చిన్న స్టేషన్లలో అసలు ఉండకపోవచ్చు.
3. స్ట్రోలర్, చక్రాల కుర్చీ, సైకిల్ బొమ్మలున్న తలుపు దగ్గరే ఎక్కండి. లోపల ఖాళీ చోటు ఉంటుంది.
4. "1" అని పెద్దగా రాసి ఉన్న భాగంలో కూర్చోకండి, అది ఫస్ట్ క్లాస్.
5. కొన్ని రైళ్ళు మధ్యలో రెండు ముక్కలై చెరో ఊరికి వెళ్తాయి. పెట్టె మీద, లోపలి తెర మీద మీ ఊరి పేరు ఉందో లేదో చూసి కూర్చోండి. మేము ఒకసారి వెనక భాగంలో హాయిగా కబుర్లు చెప్పుకుంటూ వేరే ఊళ్ళో దిగాం.
6. రైలు మారడానికి కనీసం 10 నిమిషాలు ఉండే కనెక్షన్ ఎంచుకోండి. యాప్ నాలుగు నిమిషాల కనెక్షన్ కూడా చూపిస్తుంది. అది ఒంటరిగా పరుగెత్తేవారికి.
7. దిగే ముందు స్టేషన్ రాకముందే అందరూ రైల్లోనే టాయిలెట్‌కు వెళ్ళిరండి. డబ్బు అక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు.

## 9. ఊళ్ళో రోజు ఎలా గడపాలి: రోటెన్‌బుర్గ్ నమూనా

10:30. స్టేషన్ నుంచి రోడర్ గేటు దాకా పది నిమిషాల నడక. దిగగానే తిరుగు రైలు ప్లాట్‌ఫామ్, టైమ్ బోర్డు ఫొటో తీసుకోండి.

10:45. పిల్లలకు ఓపిక ఉన్నప్పుడే కోటగోడ ఎక్కండి. టికెట్ లేదు. గేటు పక్కన మెట్లుంటాయి, ఇరుకుగా, నిటారుగా. గోడ మీద దారికి పైకప్పు ఉంటుంది కాబట్టి చినుకులకు కూడా ఇబ్బంది లేదు. స్ట్రోలర్ పైకి వద్దు. ఒకరు కింద వీధిలో స్ట్రోలర్‌తో, అమ్మతో నడవాలి. ఇంకొకరు పిల్లల చెయ్యి పట్టుకుని పైన నడిచి, తర్వాతి గేటు దగ్గర కలుసుకోవాలి. గోడ చుట్టూ మొత్తం తిరగాలని చూడకండి. ఇరవై నిమిషాల ముక్క చాలు.

12:00. మార్కెట్ కూడలిలో గడియారం. గంట కొట్టగానే కిటికీలు తెరుచుకుని బొమ్మలు కనిపిస్తాయి. ఐదు నిమిషాల ముందు నిలబడండి. టౌన్‌హాల్ బురుజుకు 220 మెట్లు, పైన చాలా ఇరుకు. చిన్నపిల్లలతో వద్దు.

12:30. పడమటి చివర బుర్గ్ గార్టెన్ తోట. బెంచీలు, నీడ, కింద టౌబర్ నది లోయ. డబ్బాలు ఇక్కడ తెరవండి. తిన్నాక గంటసేపు ఎక్కడికీ కదలకండి. పసివాళ్ళు స్ట్రోలర్‌లో నిద్రపోతారు, పెద్దవాళ్ళు కాళ్ళు చాపుకుంటారు. లిస్టులో ఇంకా నాలుగు చోట్లున్నాయని ఈ గంటను కోసేస్తే, మూడింటికి ఇంట్లోవాళ్ళంతా ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు.

2:30. ప్లేన్‌లైన్ అనే మలుపు దాకా నడక. అందరూ ఫొటో తీసుకునే చోటు అదే. రద్దీ ఉంటే పది అడుగులు వెనక్కి వచ్చి నిలబడండి. పసుపు ఇల్లు, రెండు బురుజులు అక్కడి నుంచే నిండుగా పడతాయి.

3:30. ఐస్‌క్రీమ్ లేదా వేడి చాక్లెట్. టాయిలెట్.

4:45. స్టేషన్ వైపు.

రాత్రి నైట్ వాచ్‌మన్ వేషంలో ఒకాయన లాంతరు పట్టుకుని ఊరు తిప్పుతారు. చాలా బాగుంటుంది. కానీ అది రాత్రి ఊళ్ళో ఉండేవారికే, రైలు పట్టుకోవాల్సినవారు ఆశపడకండి.

కారులో వచ్చేవారు గోడ బయటి పార్కింగ్‌లోనే ఆపండి. పన్నెండేళ్ళలోపు, 150 సెంటీమీటర్లకంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు చైల్డ్ సీట్ తప్పనిసరి. స్నేహితుల కారైనా సరే.

## 10. తేడా వస్తే

కనెక్షన్ తప్పింది. ప్రాంతీయ రైళ్ళ టికెట్ అయితే తర్వాతి ప్రాంతీయ రైలెక్కండి, అంతే. కంగారులో ఐసీఈ ఎక్కకండి. ఒకే రైలుకు కట్టుబడిన ఐసీఈ టికెట్ కొని ఉంటే, గమ్యానికి 20 నిమిషాలకు మించి ఆలస్యమవుతుందని తేలినప్పుడు ఆ కట్టుబాటు పోతుంది, వేరే రైలెక్కవచ్చు.

జోరు వాన. రెండో చోటు వదిలేయండి. ఒక కేఫ్, ఒక చర్చి, ముందు రైలు.

పిల్లలకు ఒంట్లో బాగోలేదు. ప్రాణాపాయం అనిపిస్తే 112. అంత కాదు, కానీ డాక్టర్ కావాలంటే 116117. ఆదివారం ఏ మందుల షాపు తెరిచి ఉందో ప్రతి షాపు తలుపు మీదా రాసి అంటిస్తారు.

ఎవరైనా తప్పిపోయారు. ఊళ్ళోకి అడుగుపెట్టగానే ఒక గుర్తు చూపించి, "తప్పిపోతే ఇక్కడికే వచ్చి నిలబడాలి, వెతకడానికి తిరగొద్దు" అని అమ్మానాన్నలకూ పిల్లలకూ చెప్పండి. రోటెన్‌బుర్గ్‌లో మేము మార్కెట్ కూడలి గడియారం అని చెబుతాం.

## 11. తిరుగు ప్రయాణం

అనుకున్న రైలుకంటే ముందు రైలు దొరికితే ఎక్కేయండి. పిల్లల తడి సాక్సులు రైలెక్కగానే మార్చండి. రెండేసి చపాతీలు ఈ ప్రయాణానికి దాచి ఉంచాలి, మధ్యాహ్నమే అయిపోకుండా చూసుకోండి. ఆకలితో ఇల్లు చేరితే వంట మొదలుపెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. పొద్దున బయలుదేరే ముందే బియ్యం, పప్పు కడిగి ఫ్రిజ్‌లో పెట్టి ఉంచితే, వచ్చిన అరగంటలో వేడి వేడి పప్పన్నం.